బెజవాడ అపార్టుమెంటులో మొదటి వేసవి: ఏ పని ఎప్పుడు పెట్టుకోవాలి

బెంగళూరు నుంచి ఈ మధ్యే విజయవాడ వచ్చామని, వచ్చిన కొన్నాళ్లకే అపార్టుమెంటు కమిటీలో వేశారని, ఎండాకాలంలో అందరూ కలిసి చేసుకునే కార్యక్రమాలు ఏం పెట్టాలో, ఇళ్లలో ఏం జాగ్రత్తలు చెప్పాలో తెలియడం లేదని రాశారు. ఇంట్లో డెబ్బై దాటిన అత్తగారు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు ఉన్నారని కూడా అన్నారు. మా అపార్టుమెంటు అసోసియేషన్ పనులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి తెలిసినంత మేరకు రాస్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

ముందుగా ఒక్కటి పట్టుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. ఈ ఊళ్లో వేసవిలో ఏ పనైనా ఎండని చూసి పెట్టుకోవాలి. పొద్దున తొమ్మిది, తొమ్మిదిన్నర లోపు ఒక పూట, సాయంత్రం ఆరు దాటాక ఇంకో పూట. పదకొండు నుంచి నాలుగింటి దాకా నీడపట్టున ఉండాల్సిందే, అది పిల్లల క్యాంపు కానివ్వండి, ట్యాంకు కడగడం కానివ్వండి, సిలిండర్ మోసుకొచ్చే కుర్రాడు కానివ్వండి. ఊరి చుట్టూ ఉన్న రాతికొండలు, మధ్యలో మన కాంక్రీటు పగలంతా కాగి రాత్రి పదింటిదాకా ఆ వేడి వదులుతూనే ఉంటాయి, అందుకే సూర్యుడు దిగిపోయినా ఇల్లు చల్లబడదు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లకి మొదటి ఏడాది కష్టంగా అనిపించేది ఈ రాత్రి ఉక్కే. 2015 మే నెలలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో కూలి పనికి వెళ్లినవాళ్లు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో ఏ మండలంలో వడగాడ్పులు ఉంటాయో ముందు రోజే చెబుతుంది, ఆ మెసేజ్‌ని మీ వాట్సాప్ గ్రూపులో రోజూ సాయంత్రం పెట్టే పని ఒకరికి అప్పగించండి.

ఇక కార్యక్రమాలు. మొదట వచ్చేది శ్రీరామనవమి. చిక్కేమిటంటే సీతారాముల కల్యాణం అభిజిత్ లగ్నంలో, అంటే సరిగ్గా మిట్టమధ్యాహ్నం చేయాలి, ముహూర్తం మార్చమని పంతులుగారిని అడగలేం కదా. కాబట్టి పందిరి మీద డబ్బు పెట్టండి, మైకు సెట్టు మీద తగ్గించుకోండి. రేకుల షెడ్డు గానీ ప్లాస్టిక్ గుడ్డ షామియానా గానీ వేస్తే లోపల కూర్చున్నవాళ్లు ఉడికిపోతారు, తాటాకు పందిరి దొరికితే అదే వేయించండి, పక్కలు తెరిచి ఉంచండి. పెద్దవాళ్లని కల్యాణం మొదలవడానికి కాస్త ముందు తీసుకొచ్చి తలంబ్రాలు అవగానే లోపలికి పంపేయాలి. పానకంలో ఐస్ వేయాలని ఎవరో ఒకరు ఉత్సాహపడతారు, వద్దని గట్టిగా చెప్పండి, బజారులో దొరికే దిమ్మ ఐస్ చేపలకీ సామాన్లు చల్లబరచడానికీ వాడేది, తాగే నీళ్లతో చేసిందని నమ్మకం లేదు. ముందురోజు రాత్రే కొత్త కుండల్లో నీళ్లు పోసి ఉంచి, పొద్దున ఆ నీళ్లతో బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు కలిపితే చాలు, అదే చల్లగా ఉంటుంది. భోజనాలు పెడితే పులిహోర, దద్ధ్యోజనం మంచివి. కొబ్బరి చట్నీ, పాలతో చేసిన తీపి వంటలు ఆ వేడికి రెండు మూడు గంటల్లో పాడవుతాయి, వంద మందికి వండినప్పుడు ఆ రిస్కు అక్కర్లేదు.

చలివేంద్రం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇదొక్కటి సరిగ్గా నడిపితే మీ అపార్టుమెంటు ఆ వీధికంతటికీ పనికొచ్చినట్టే. చాలాచోట్ల మొదటి రోజు రిబ్బన్ కత్తిరించి ఫొటోలు దిగుతారు, వారం తిరిగేసరికి కుండలు ఎండిపోయి ఉంటాయి. ఉగాది నుంచి తొలకరి దాకా నడపగలిగితేనే పెట్టండి, లేదంటే గేటు దగ్గర ఒక కుండ, ఒక బల్ల పెట్టినా మేలే. చెట్టు నీడలో చోటు చూసుకోండి, కుండల కింద ఇసుక పోసి తడపండి, చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. కుండలోకి గ్లాసు ముంచనివ్వకండి, పొడుగు కాడ గరిటె పెట్టి ఒకరు పోయాలి, లేదా పంపు ఉన్న కుండ కొనండి, ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతున్నాయి. రాత్రి మిగిలిన నీళ్లు మొక్కలకి పోసి, కుండ లోపల కడిగి, తెల్లవారుజామున కొత్తవి నింపాలి. ఎండ ముదిరిన మే నెలలో మధ్యాహ్నం పన్నెండుకి పలచటి మజ్జిగ ఉప్పు వేసి ఇస్తే, ఆటో వాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, చెత్త తీసుకెళ్లే వాళ్లు ఆగి తాగి వెళ్తారు. ఫ్లాటుకి ఒక రోజు చొప్పున వంతు వేసుకుంటే ఖర్చూ శ్రమా ఎవరికీ భారం కాదు.

బయటి వాళ్ల సంగతి సరే, మన గేటు లోపల ఉన్నవాళ్లని మర్చిపోతాం. వాచ్‌మన్ కుటుంబం ఎక్కడ ఉంటోందో ఒకసారి వెళ్లి చూడండి. డాబా మీద లిఫ్టు గది పక్కన రేకుల గది అయితే మే నెలలో అందులో పగలు ఉండటం మనిషి వల్ల కాదు. పైన తాటాకు గానీ గోనెపట్టాలు గానీ పరిపించండి, ఫ్యాను మంచిది పెట్టించండి, మధ్యాహ్నాలు సెల్లారులో పడుకోవడానికి చోటు ఇవ్వండి. ఇస్త్రీ బండి అతను బొగ్గు పెట్టె ముందు నిలబడి పని చేస్తాడు, అతన్ని పొద్దున, సాయంత్రం మాత్రమే చేయమని, బట్టలు ఒకరోజు ఆలస్యమైనా ఎవరూ గొడవ చేయరని కమిటీ తరఫున మీరే చెప్పాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఫ్లాట్ల జాబితా ఒకటి రాసుకోండి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ తల్లిదండ్రులు ఇద్దరే ఉండే ఇళ్లు ప్రతి అపార్టుమెంటులోనూ ఉంటాయి. రోజూ పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి ఎవరో ఒకరు బెల్ కొట్టి పలకరించాలి. ఫోను చాలదు, వడదెబ్బ తగులుతున్న మనిషి ఫోనులో బాగానే ఉన్నానంటారు, మొహం చూస్తేనే తెలుస్తుంది.

వడదెబ్బ గురించి అందరికీ తెలుసనుకుంటాం గానీ తెలియదు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడుతుంటే అది మామూలు నీరసం కాదు, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి ఫ్యాను పెట్టాలి, మెడ దగ్గర, చంకల్లో తడి గుడ్డలు పెట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేసినా ఈ వేడి దిగదు.

నీరసానికి ఓఆర్ఎస్ వాడుకోవచ్చు. ప్యాకెట్ మీద లీటరు నీళ్లకని ఉంటే లీటరులోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేసుకుంటే మోతాదు తప్పుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్ముడయ్యేవి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆ పేరు అలా వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశం ఇచ్చింది. షాపులో తీసుకునేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసుకోండి. మీ అత్తగారికి బీపీకి నీరు పోయే మాత్రలు ఉంటే వేసవికి ముందే డాక్టరుని ఒకసారి అడగండి, మోతాదు మీరే తగ్గించకండి. షుగరుంటే, గుండె, కిడ్నీ ఇబ్బంది ఉంటే ఈ ఉప్పు పంచదార నీళ్లు కూడా అడిగాకే.

పిల్లల విషయం. బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, దాదాపు ఏడు వారాలు. బయట సమ్మర్ క్యాంపులు చాలా ఉంటాయి, ఇందిరాగాంధీ స్టేడియంలో ఆటలు నేర్పుతారు, గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు పెడతారు, బందరు రోడ్డులో ఠాగూర్ గ్రంథాలయం ఉంది, కనుక్కోండి. మీ అపార్టుమెంటులోనే పెట్టదలిస్తే ఇలా చేయండి: పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా బయట ఆటలు, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా సెల్లారులో కూర్చుని ఆడేవి. సెల్లారు నేల మీద చాక్‌పీసుతో గీసి అష్టాచెమ్మా, దాడి, పులిమేక ఆడించండి, వామనగుంటల పీట ఏ బామ్మ దగ్గరో తప్పకుండా ఉంటుంది. నేర్పడానికి బయటి మాస్టర్లు అక్కర్లేదు, రిటైరైన తెలుగు మాస్టారో, లెక్కల టీచరో మీ మెట్ల మీదే ఉంటారు, అడిగితే సంతోషంగా వస్తారు. వేమన పద్యాలు నేర్పే తాతగారికీ నేర్చుకునే పిల్లలకీ ఇద్దరికీ మధ్యాహ్నం గడిచిపోతుంది. కార్లు ఆ రెండు గంటలూ కదలకుండా చూసుకోవడం మాత్రం కమిటీ పని.

పెద్ద పిల్లలున్న ఇళ్లకి ఒక హెచ్చరిక గట్టిగా పంపండి. ప్రతి వేసవిలోనూ కృష్ణలో, కాలువల్లో ఈతకి దిగి పిల్లలు చనిపోతూనే ఉన్నారు. నది ఎండినట్టు కనిపిస్తుంది, కానీ ఇసుక తవ్విన గోతుల్లో మనిషి లోతు నీళ్లుంటాయి, అడుగు పెట్టేదాకా తెలియదు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ వేసవిలో కట్టేసి ఉంటాయి కదా అని దిగుతారు, నీళ్లు వదిలే రోజు ఎవరూ ఇంటింటికీ వచ్చి చెప్పరు. ఈత నేర్చుకోవాలంటే కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌కే పంపండి. ఇందులో మొహమాటం వద్దు.

ఇంకో మంచి కార్యక్రమం రక్తదానం. వేసవిలో కాలేజీలు ఉండవు కాబట్టి రక్తం ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు, తలసేమియా పిల్లలకి నెలనెలా ఎక్కించాల్సిన అవసరం మాత్రం సెలవులకి ఆగదు. రెడ్‌క్రాస్ వాళ్లనో ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంకునో ముందుగా అడిగి, ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదికి ముగించండి. ఖాళీ కడుపుతో ఎవరినీ కూర్చోబెట్టకండి, ఇచ్చినవాళ్లు ఆ రోజు ఎండలో తిరక్కూడదు.

ఇప్పుడు ఇళ్ల సంగతి. అన్నిటికన్నా ముందు కరెంటు. ఇనుప బాడీ కూలర్లు షాకు కొట్టి ప్రతి ఏడాదీ ప్రాణాలు పోతున్నాయి, అదీ ఎక్కువగా నీళ్లు పోసేటప్పుడు. మూడు పిన్నుల ప్లగ్గు, గోడలో నిజంగా పని చేసే ఎర్తింగు ఉండాలి. నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయాలి, స్విచ్ ఒక్కటి ఆపితే సరిపోదు. తడి చేతులు, వట్టి కాళ్లు వద్దు. ఏసీ, కూలరు, గీజరు లాంటివి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకండి, వైరు వేడెక్కి కాలుతుంది. ఇంటికి కొత్తగా రెండు ఏసీలు పెడుతుంటే లోడు పెంచమని కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. అందరూ ఊరుకుంటే రాత్రి పదకొండింటికి ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతింటుంది, అప్పుడు అందరూ 1912కి ఫోన్లు కొట్టాలి.

కూలరు ఈ ఊళ్లో అన్ని రోజులూ ఒకేలా పని చేయదు. పడమటి గాలి పొడిగా కొట్టే రోజున బ్రహ్మాండంగా ఉంటుంది, గాలిలో తేమ పెరిగిన రోజున గది అంతా జిడ్డు. ఎప్పుడు పెట్టినా ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి, తలుపులన్నీ బిగించి కూలరు పెట్టడం వల్లే ఉక్కపోత ఎక్కువవుతుంది. వారానికి ఒక రోజు దాన్ని పూర్తిగా ఖాళీ చేసి, రుద్ది, ఎండబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం పది రోజులు చాలు, కూలరు తొట్టె దానికి మంచి చోటు. ఏసీ అయితే 25, 26 మీద పెట్టి పైన ఫ్యాను తిప్పండి, లోపలి ఫిల్టరు జల్లెడ రెండు వారాలకోసారి కడగండి. 18లో పెడితే గది అంతకన్నా త్వరగా చల్లబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది.

పై అంతస్తు వాళ్లకి శ్లాబు వేడే అసలు బాధ. తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి, ఖర్చు ఎక్కువనిపిస్తే సున్నమైనా కొట్టించండి. సున్నం వానకి పోతుంది, కానీ ఈ వేసవికి పనికొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీద ఒక విధానమే తెచ్చింది. పడమర కిటికీలకి లోపల కర్టెన్ కన్నా బయట వెదురు తడికె మేలు, ఎండ అద్దానికి తగలకముందే ఆగుతుంది. వట్టివేళ్ల తడికెలు దొరికితే నీళ్లు చల్లుకోండి, వాసన కూడా హాయిగా ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకి డాబా తడపడం పాత అలవాటే గానీ బోరు అడుగంటుతున్న ఏడాది అది చేయకండి. సోలార్ ఆలోచన ఉంటే పలకల నీడ కూడా శ్లాబుని కాపాడుతుంది. పీఎం సూర్య ఘర్ పథకంలో సొంత ఇంటికి 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, అపార్టుమెంటు ఉమ్మడి మీటరుకి కిలోవాటుకి 18,000 చొప్పున ఇస్తారు. లిఫ్టు, మోటారు బిల్లు తగ్గుతుంది కాబట్టి కమిటీలో చర్చకి పెట్టండి.

ట్యాంకులు, సంపు మార్చిలోనే కడిగించండి. సంపులోకి మనిషిని దింపే ముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, లోపల ఊపిరి ఆడక పోయినవాళ్లు ఉన్నారు. పైన ఒక మనిషి తాడు పట్టుకుని ఉండకుండా ఒక్కరినీ దించకండి. డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి ఒళ్లు కాలేలా ఉంటాయి, తెల్లవారుజామున మోటారు వేసి, ట్యాంకు చుట్టూ గోనెసంచులు కట్టండి. మధ్యాహ్నం రెండు గంటలకి షవర్ తిప్పుకోవద్దని పిల్లలకి చెప్పండి.

ఆవకాయ గురించి అడక్కపోయినా చెబుతాను, ఎందుకంటే మీ అపార్టుమెంటుని నిజంగా కలిపే కార్యక్రమం అదే. ఏప్రిల్ మూడో వారం నుంచి మే మొదటి వారం లోపు, కాయకి వాన నీళ్లు తగలకముందు పెట్టాలి. పుల్లగా, పీచుతో, టెంక ముదిరిన కాయ కావాలి, చిన్నరసాలు గానీ కొత్తపల్లి కొబ్బరి గానీ తీసుకోండి. నలుగురైదుగురు కలిసి పొద్దున ఆరింటికే పటమట రైతుబజారుకి వెళ్లి ఒకే రాశిలో ఏరుకుంటే రేటూ తగ్గుతుంది, కాయా బాగుంటుంది. కాయని ముక్కలు కొట్టేవాళ్లు అక్కడే ఉంటారు, కానీ కాయని ఇంటికి తెచ్చి కడిగి, పొడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాకే కొట్టించడం మంచిది, అందుకని వాళ్లలో ఒకరిని కత్తిపీటతో మీ సెల్లారుకే రమ్మని మాట్లాడుకోండి. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి, జీడి తీసేసి లోపలి పొర గీకేయాలి. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నెకి కాస్త ఎక్కువగా ఉప్పు, ముక్కలు మునిగేలా పప్పునూనె, అంటే నువ్వుల నూనె. ఉప్పు రాళ్లుప్పు ఎండబెట్టి దంచిందైతే నమ్మకం. మూడో రోజు తిరగగలిపి ఉప్పు చూసుకుని, నూనె పైకి తేలేలా పోసి జాడీకి గుడ్డ కట్టండి. చేతికి, గరిటెకి, జాడీకి ఎక్కడా తడి తగలకూడదు, బూజు వచ్చేది అక్కడే. మీ అత్తగారిని ఉప్పు చూడటానికి కూర్చోబెట్టండి, కొత్త ఊళ్లో నలుగురితో పరిచయం పెరగడానికి అంతకన్నా మంచి దారి లేదు. కలిపిన బేసిన్‌లో వేడన్నం కలిపి పిల్లలకి ముద్దలు పెట్టడం మర్చిపోకండి.

వడియాలు, ఊరమిరపకాయలు డాబా మీద పెట్టుకునేవాళ్లు పిండి తెల్లవారుజామున పెట్టి దిగిపోవాలి, మధ్యాహ్నం తిప్పడానికి పైకి వెళ్లనక్కర్లేదు. మే నెలలో సాయంత్రాలు గాలివాన ఉన్నట్టుండి వస్తుంది, నాలుగింటికే ఎత్తేయండి. మామిడిపళ్లు కొనేటప్పుడు కార్బైడ్‌తో పండించినవి వద్దు, అది చట్టం ప్రకారం నిషేధం. పైన పసుప్పచ్చగా మెరుస్తూ, తొడిమ దగ్గర వాసన లేకుండా, కోస్తే లోపల పుల్లగా ఉంటే అనుమానించండి. నూజివీడు వైపు తోట తెలిసినవాళ్లుంటే కాయ తెప్పించుకుని గడ్డిలో పండేసుకోవడం హాయి.

కారులో పిల్లల్ని ఒక్క నిమిషానికైనా వదలొద్దు. శానిటైజరు, లైటరు, పవర్ బ్యాంకు లోపల పెట్టి ఎండలో ఆపకండి.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు, ఆ రెండు వారాలు ఏ కార్యక్రమమూ పెట్టకండి, చలివేంద్రం మాత్రం ఆపకండి. అదే సమయంలో డాబా నీళ్ల గొట్టాలు, సెల్లారు కాలువ, పంపు మోటారు శుభ్రం చేయించండి, పొద్దున్నే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, కింది అంతస్తుల్లో మీటర్లు, ఇన్వర్టర్లు, కాగితాలు అన్నీ నీళ్లపాలయ్యాయి. మీ సెల్లారులో ఇన్వర్టరు నేల మీద ఉంటే ఇప్పుడే ఎత్తులో బల్ల వేయించి పెట్టించండి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ కూడా అప్పుడే చూడమనండి, ఎండలకి అది త్వరగా తగ్గుతుంది. మృగశిర వచ్చాక తొలకరి పడితే మళ్లీ ఒకసారి సెల్లారు మోటారు నడిపి చూసుకోండి.